గోదావరిలో చిన్న పడవ మీద గాలం వేట: మొదటిసారి వెళ్లేవాళ్లకి

నాటు పడవ ఎక్కి గోదావరిలో గాలం వేయాలని చాలామందికి ఉంటుంది. హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉద్యోగం చేస్తూ సంక్రాంతికి ఊరొచ్చేవాళ్లకి మరీను. వీడియోల్లో చూస్తే అంతా సులువే: పడవ, కర్ర, చేప. నిజానికి ఇందులో కష్టమైనది చేప కాదు, నీరు. చేప పడకపోతే ఇంటికొచ్చి పప్పన్నం తింటాం. నీటిని తప్పుగా అంచనా వేస్తే ఇంటికే రాం. అందుకని ముందు నీటి సంగతి, పడవ సంగతి చెప్పి, ఆ తర్వాతే గాలం దగ్గరికి వస్తాను.

ఇది రాజమండ్రి, కొవ్వూరు మధ్య ఉన్న అఖండ గోదావరికీ, ధవళేశ్వరం బ్యారేజి దిగువన కోనసీమ పాయలకీ సరిపోతుంది. ఇద్దరు ముగ్గురు మనుషులు, ఒక చిన్న పడవ, పగటిపూట ఒక్క రోజు, అంతవరకే. కృష్ణలో పుట్టి (గుండ్రటి బుట్ట పడవ) ఎక్కేవాళ్లకి గాలం సంగతులు పనికొస్తాయి గానీ పుట్టిని నడిపే తీరు వేరు. అది అక్కడివాళ్ల దగ్గరే నేర్చుకోవాలి.

ఏ నెలలో వెళ్లాలి

నవంబరు రెండో సగం నుంచి మార్చి ఆఖరు దాకా వెళ్లండి. అప్పటికి వరదలు అయిపోతాయి, నీరు తేటపడుతుంది, వడి తగ్గుతుంది. తుపాను హెచ్చరిక ఉంటే మాత్రం డిసెంబరైనా సరే ఆ వారం వదిలేయండి. ఏప్రిల్, మే నెలల్లో నీరు తక్కువే, కానీ ఎండ దంచేస్తుంది. మధ్యాహ్నం దాటాక ఉన్నట్టుండి ఈదురుగాలి లేస్తుంది, పిడుగులు పడతాయి. నది మధ్యలో ఉన్నప్పుడు మీకంటే, మీ చేతిలోని కర్రకంటే ఎత్తైనది చుట్టుపక్కల ఏదీ ఉండదు. జూన్ మధ్య నుంచి అక్టోబరు దాకా అసలు చర్చే లేదు. ఎర్రనీరు వచ్చాక సరదా పడవకి గోదావరిలో పని లేదు.

"మరి పులసో?" అని అడుగుతారని తెలుసు. పులస వచ్చేదే ఆ ఎర్రనీటిలో, సముద్రం నుంచి వరదకి ఎదురీదుతూ, జూలై నుంచి సెప్టెంబరు మధ్య. దాన్ని పట్టేది వలతో, పుట్టినప్పటి నుంచి ఆ నీళ్లలో ఉన్నవాళ్లు. గాలానికి ఆశపడే చేప కాదది. పుస్తెలమ్మైనా పులస తినాలన్నారు గానీ పడవెక్కి పట్టాలని అనలేదు. రేవులో బేరమాడి కొనుక్కోండి.

ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. 13.75కి రెండోది, 17.75కి మూడోది. మొదటి హెచ్చరిక అంటే సుమారు 10 లక్షల క్యూసెక్కులు సముద్రంలోకి పోతున్నట్టు. ఒక్క క్యూసెక్కు అంటే సెకనుకి దాదాపు 28 లీటర్లు. అయితే హెచ్చరిక లేదు కాబట్టి ఫర్వాలేదు అనుకోవద్దు. ఆ అంకెలు లంక గ్రామాల (నది మధ్య దిబ్బల మీది ఊళ్ల) కోసం, గట్ల కోసం పెట్టినవి, మీ పడవ కోసం కాదు. 2019 సెప్టెంబరు 15న దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగి పదుల మంది చనిపోయినప్పుడు నదిలో ఉన్నది దాదాపు 5 లక్షల క్యూసెక్కులు, అంటే మొదటి హెచ్చరిక లెక్కలో సగమే. అది ఇంజను ఉన్న పెద్ద బోటు.

ఎగువ సంగతి తెలియాలంటే భద్రాచలం మట్టం చూస్తారు. అక్కడ హెచ్చరికలు 43, 48, 53 అడుగులకి. కానీ శబరి వచ్చి కలిసేది భద్రాచలానికి దిగువన, కూనవరం దగ్గర. భద్రాచలంలో నీరు తగ్గుతున్నా శబరి పొంగుతుంటే కింద పెరుగుతూనే ఉంటుంది. శీతాకాలంలోనూ నీరు ఒకే తీరుగా ఉండదు. దాళ్వా (రెండో పంట) వరికి నీళ్లు చాలకపోతే సీలేరు జలాశయాల నుంచి వదులుతారు, అవి శబరి మీదుగానే వచ్చి గోదావరిలో పడతాయి. అందుకని రేవులో దిగగానే నీటి అంచున సరిగ్గా ఒక పుల్ల గుచ్చండి. సామాను సర్దుకుని, టీ తాగి, అరగంట తర్వాత చూడండి. నీరు పుల్ల దాటి పైకి వచ్చిందా, ఇవాళ ఒడ్డు మీద నుంచే గాలం వేసుకోండి. బ్యారేజి దిగువన సముద్రపు పోటు ప్రభావం ఉన్నచోట ఈ పరీక్ష పనిచేయదు, అక్కడి లెక్క తర్వాత చెబుతాను.

ఎక్కడికి వెళ్లకూడదు

బ్యారేజి గేట్ల జోలికి వెళ్లకండి. కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయింది, దాని చోట తర్వాత ఇప్పటి బ్యారేజి కట్టారు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలు. ఎగువన నీరు అద్దంలా కదలకుండా కనిపిస్తుంది, గేటు ఎత్తి ఉంటే మాత్రం అడుగున లాగుతూనే ఉంటుంది. తెడ్డు వేసి దాన్ని గెలవలేం. కనీసం అర కిలోమీటరు ఎడం ఉంచండి. దిగువన గేట్ల కింద చేపలు బాగా ఉంటాయని చెబుతారు, అది నిజమే, కానీ అక్కడ నీరు తిరగబడి పడవని మళ్లీ గేటు వైపే లాగుతుంది.

రాజమండ్రి వంతెనల స్తంభాల దగ్గరా అంతే. స్తంభానికి ఎగువన పడవ అడ్డం తిరిగిందంటే వడి దాన్ని స్తంభానికి అదిమేస్తుంది. రెండు స్తంభాల నట్టనడిమి నుంచి, తిన్నగా వెళ్లండి. ఇసుక పడవలు తిరిగే చోట అడుగున గుంతలు ఉంటాయి. మోకాలి లోతు అనుకుని దిగితే రెండో అడుగుకి మనిషి మునిగే లోతు. గోదావరిలో స్నానాలకి దిగి పోయేవాళ్ల కథ చాలాసార్లు ఇదే. పడవ ఇసుకలో కూరుకుంటే దిగి తోయాలనిపిస్తుంది, గెడ (పడవ తోసే పొడుగు కర్ర) వేసి లోతు చూడకుండా దిగొద్దు.

పాపికొండల జాతీయ ఉద్యానవనంలోనూ, కోరింగ అభయారణ్యం మడ అడవుల్లోనూ సరదా వేటకి వెళ్లకండి. మిగతా చోట్ల కూడా నది ఎవరిదీ కాదనుకుని దిగిపోవద్దు. రేవుకో సంఘం ఉంటుంది, వలలు వేసుకునే వాటాలుంటాయి. ముందురోజే వెళ్లి మత్స్యకారుల సంఘం పెద్దని అడగండి. లైసెన్సు గానీ రుసుము గానీ ఉంటే చెబుతారు. "బాబాయ్, రేపు గాలానికి వద్దామనుకుంటున్నాం, ఎటు వెళ్తే మీ వలలకి అడ్డం రాదు?" అని అడిగితే చాలు. ఆ ఒక్క మాటకి వాళ్లు చెప్పే సమాచారం ఏ యాప్‌లోనూ దొరకదు.

లంకల్లో వెళ్తున్నాం కదా, పిట్టో కుందేలో దొరికితే అనే ఆలోచన ఉంటే ఇక్కడే దింపేయండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. చలికాలంలో వచ్చే వలస బాతులు, నెమళ్లు, అడవి పందులు, నది తాబేళ్లు, ఏదీ మినహాయింపు కాదు. మొదటి షెడ్యూలు జంతువుల విషయంలో కనీసం మూడేళ్లు, ఏడేళ్ల దాకా జైలు. గాలానికి పొరపాటున తాబేలు పడితే కొక్కెం తీసి, రాకపోతే దారాన్ని నోటికి దగ్గరగా కోసి, వదిలేయండి. చేపల్ని మందుగుండు పేల్చి, విషం కలిపి పట్టడాన్ని 1897 నాటి మత్స్య చట్టమే నిషేధించింది. కరెంటు పెట్టి పట్టేవాళ్లు కనిపిస్తే ఆ చుట్టుపక్కల ఉండకండి. నీటికి మీరూ చేపా తేడా తెలియదు.

పడవనీ మనిషినీ ఎంచుకోవడం

మొదటిసారి మీరే తెడ్డు పట్టే ఆలోచన వద్దు. పడవతోపాటు మనిషిని మాట్లాడుకోండి. రోజుకి ఎంత, మధ్యాహ్నం భోజనం ఎవరిది, పడ్డ చేపలో వాటా ఉందా లేదా, ఇవి ఒడ్డునే తేల్చుకోండి. ఇంకోటి, ఎక్కాక పెత్తనం ఆయనదే. "గాలి తిరుగుద్దండి, పోదాం" అని ఆయన అంటే, అప్పుడే చేప పడుతున్నా సరే, దారం చుట్టేయాలి. నది మీద చాలా గొడవలు "ఇంకో పది నిమిషాలు బాబాయ్" దగ్గరే మొదలవుతాయి.

చెక్క పడవ బరువు, గాలికి అంత త్వరగా కొట్టుకుపోదు, కుదురుగా ఉంటుంది. ఫైబర్ పడవ తేలిక, తెడ్డుకి సులువు, కానీ మనిషి పక్కకి ఒరిగితే అదీ ఒరుగుతుంది. గాలానికి నేనైతే చెక్క పడవే అడుగుతాను. ఏదైనా సరే, ముందు అడుగున చూడండి. కాస్త చెమ్మ మామూలే. కట్టేసి ఉన్న పడవలోకి అరగంటలో మీ పాదం మునిగేంత నీరు ఊరుతుంటే ఆ పడవ వద్దు. పలకల సందుల్లో కొత్తగా తారు పూసి ఉంటే ఎప్పుడు పూశారని అడగండి. నీళ్లు తోడడానికి కోసిన నూనె డబ్బా పడవలో ఉండాలి, దానికి తాడు కట్టి ఉంటే ఇంకా మంచిది.

అందరూ కూర్చున్నాక పడవ అంచుకీ నీటికీ మధ్య మీ జానెడు ఎడం కనిపించాలి. అంతకంటే తగ్గితే ఒకరు దిగిపోవాలి. మొహమాటం లేదు.

వెంట ఏం పట్టుకెళ్లాలి

లైఫ్ జాకెట్ మనిషికొకటి, ఒంటికి సరిపోయేది. ఒడ్డు మీదే తొడిగి బకిళ్లు పెట్టేయండి. తొడిగాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగితే చెవుల దాకా రాకూడదు, వస్తే అది వదులు. "ఈత వచ్చు" అనేది జాకెట్టుకి బదులు కాదు. ప్యాంటూ చొక్కా వేసుకుని, వడిలో, చలికాలం పొద్దున ఈదడం కాలవలో ఈదినట్టు ఉండదు. ఆటో ట్యూబు తల కిందులైతే మిమ్మల్నీ కిందులు చేస్తుంది, దాన్ని నమ్మకండి.

జీన్సు వద్దు, బూట్లు వద్దు. టోపీ, పొడుగు చేతుల చొక్కా, మనిషికి రెండు లీటర్ల నీళ్లు. పదునైన చిన్న కత్తి ఒకటి తప్పనిసరి, అది చేప కోయడానికి కాదు, కాలికి తాడు చుట్టుకుంటే కోయడానికి. విజిలు, ముక్కుతో ఉన్న చిన్న కటింగు ప్లయరు, గుడ్డ, కొంచెం దూది, అయోడిన్ మందు. ఫోన్లు జిప్ కవర్లో పెట్టి మెడకి తగిలించుకోండి. అత్యవసర నంబరు 112. పిడుగుల కోసం దామిని యాప్ వేసుకుంటే మీరున్న చోటికి దగ్గర్లో పిడుగుల జాడ చూపిస్తుంది. ఎక్కడికి వెళ్తున్నారో, ఎన్నింటికి వస్తారో ఇంట్లో ఒకరికి చెప్పండి. ఆ టైముకి రాకపోతే ఎవరికి ఫోన్ చేయాలో కూడా చెప్పండి. మొదటి సగం అందరూ చెబుతారు, రెండో సగం మర్చిపోతారు.

మందు సీసా మాత్రం ఒడ్డునే వదిలేయండి. తిరిగొచ్చాక మీ ఇష్టం.

ఎక్కడం, కూర్చోవడం, లంగరు

పొగమంచు పూర్తిగా విడిచాకే బయల్దేరండి. ఎదుటి ఒడ్డు చెట్లు విడివిడిగా కనబడాలి. ఎక్కేటప్పుడు పడవ నడిమిలో కాలు పెట్టి, వంగి, రెండు చేతులతో రెండు అంచులూ పట్టుకుని ఎక్కండి. అంచు మీద కాలు వేసి దూకేవాళ్లని పడవవాళ్లు ఏమీ అనరు గానీ, లోపల తిట్టుకుంటారు. బరువైనవాళ్లు నడిమికి, సామాను అడుగున. మీదకి లేవాలంటే చెప్పి లేవండి, ఒకసారికి ఒక్కరే కదలండి. చేప పడ్డప్పుడు అందరూ ఒకే పక్కకి వంగి చూస్తారు, పడవలు తిరగబడేది ఎక్కువగా అప్పుడే. చూడటం రేవులో చూడొచ్చు.

నదిని అడ్డంగా దాటేటప్పుడు ఎదుటి రేవుకి తిన్నగా గురిపెట్టకూడదు. పడవ ముందు కొనని కొంచెం ఎగువకి తిప్పి పెట్టి తెడ్డు వేస్తే, వడి కిందికి లాగేదీ మీరు పైకి వేసేదీ సరిపోయి, పడవ వాలుగా అవతలికి చేరుతుంది. కూడా వచ్చిన మనిషి ఇదంతా చూడకుండానే చేస్తాడు. పక్కన కూర్చుని ఆయన ఎదుటి ఒడ్డు మీద ఏ చెట్టుని గురి పెట్టుకున్నాడో అడగండి, ఒక్క రోజులో బోలెడు నేర్చుకోవచ్చు.

లంగరు ఎప్పుడూ పడవ ముందు కొన నుంచే వేయాలి. పక్క నుంచి గానీ వెనక నుంచి గానీ వేసి వడిలో ఆపితే, నీరు అంచు మీదుగా లోపలికి దూకుతుంది, నిమిషంలో పడవ నిండుతుంది. తాడు లోతుకి మూడింతలైనా ఉండాలి, వడి ఉంటే ఐదింతలు. తక్కువ తాడుతో లంగరు పట్టదు, ఇసుక మీద జారుతూ పోతుంది. లంగరు తాడు చుట్టలో మీ కాలు లేకుండా చూసుకోండి. విప్పాల్సి వస్తే ఒక్క గుంజుకి ఊడే ముడే వేయించండి.

పోటూ పాటూ

బ్యారేజి దిగువన, గౌతమి పాయలో యానాం వైపు, వశిష్ఠలో అంతర్వేది వైపు, వైనతేయలో సముద్రానికి దగ్గర్లో నీరు రోజుకి రెండుసార్లు ఎక్కుతుంది, రెండుసార్లు దిగుతుంది. ఇవాళ పోటు వచ్చిన వేళకంటే రేపు దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. అమావాస్యకి, పౌర్ణమికి పోటు ఎక్కువ, అష్టమి దగ్గర తక్కువ. పంచాంగం చూసే అలవాటు ఇక్కడ నిజంగా పనికొస్తుంది.

పోటు ఎక్కడం మొదలైన గంటా, నీరు తిరిగే ముందు నిలబడే కాసేపూ గాలానికి మంచి వేళ. చిన్న కోడుల్లోకి (పక్క కాలవల్లోకి) పోటు మీద తేలిగ్గా వెళ్లిపోవచ్చు. పాటు, అంటే నీరు దిగడం, మొదలైతే మాత్రం ఆలోచించకుండా బయటకి వచ్చేయండి. నీరు తీసేశాక పడవ బురదలో కూర్చుంటే మళ్లీ పోటు వచ్చేదాకా, అంటే చాలా గంటలు, దోమల మధ్య మీరూ కూర్చోవాలి. దిగి నడుద్దామంటే తొడల దాకా బురద, లోపల ఆల్చిప్పల అంచులు కత్తుల్లా ఉంటాయి.

గాలం కట్టడం

మామూలు చేపలకి 0.30 నుంచి 0.35 మిల్లీమీటర్ల నైలాన్ దారం చాలు. కర్ర వెదురుదైనా ఫైబరుదైనా మీ ఇష్టం. పడవలో ఆరేడు అడుగులకి మించిన కర్ర అవస్థే, పక్కవాడి చెవికి తగులుతుంది. రేవులో కరెంటు తీగల కింద మాత్రం కర్ర నిలువుగా పట్టుకోవద్దు. ఫైబరు కర్రల్లో కార్బన్ కలిపినవి కరెంటుని పట్టుకుంటాయి.

కొక్కెం కట్టే ముడి ఒక్కటి సరిగ్గా వస్తే చాలు. దారం కొసని కొక్కెం కంట్లోంచి తీసి, పొడుగు దారం చుట్టూ ఐదారు చుట్లు తిప్పి, కంటి పక్కన ఏర్పడ్డ చిన్న సందులోంచి దూర్చి, మళ్లీ పెద్ద సందులోంచి తీయండి. బిగించే ముందు ఉమ్మి తడపండి. పొడిగా బిగిస్తే రాపిడికి వేడెక్కి నైలాన్ అక్కడే బలహీనపడుతుంది, పెద్ద చేప పడ్డప్పుడు తెగేది కచ్చితంగా అక్కడే. బిగించాక కొక్కేన్ని దేనికైనా తగిలించి గట్టిగా గుంజి చూడండి.

సీసపు గుండు కొక్కేనికి జానెడు పైన. దాని పైన బెండు, అంటే నీటి మీద తేలే ముక్క. నెమలి ఈక కాడతో చేసుకునే బెండ్లు పాతకాలంలో ఉండేవి, ఇప్పుడు షాపులో ప్లాస్టిక్‌వి దొరుకుతాయి, అవి చాలు. గుండు బరువు ఎంతంటే, బెండు నీటి పైన చిటికెన వేలి గోరంత మాత్రమే కనబడాలి. అంతకంటే పైకి తేలితే చేప ముట్టుకున్నది మీకు తెలియదు, పైగా బెండు బరువు తగిలి చేపే ఎర వదిలేస్తుంది. కొత్తవాళ్ల గాలానికి చేప పడకపోవడానికి నేను చూసినంతలో పెద్ద కారణం ఇదే, ఎర కాదు.

ఇక ఎర. బొచ్చె, రాగండి, మోసు లాంటి వాటికి తౌడూ వేరుశనగ చెక్కా నానబెట్టి, కొంచెం మైదా కలిపి ముద్ద చేయండి. ముద్ద చెవి తమ్మెంత మెత్తగా ఉండాలి, గట్టిదైతే కొక్కెం గుచ్చుకోదు, పలచనైతే నీళ్లలో పడగానే విడిపోతుంది. బఠాణీ గింజంత చాలు. అదే ముద్దని గుప్పెడు ఉండలు చేసి ముందుగా గాలం వేసే చోట చల్లి, ఇరవై నిమిషాలు ఊరుకోండి. జెల్లకి, బొమ్మిడాయికి ఎర్రలు (వానపాములు). ఎర్రని కొక్కేనికి పూర్తిగా ఎక్కించకుండా తోక కదిలేలా కొంచెం వదలండి. వాలుగకి బతికున్న పరిగె (చిన్న చేప), కొక్కెం పెద్దది, దానికి ముందు జానెడు స్టీలు తీగ కట్టాలి, లేకపోతే పళ్లతో దారం కొరికేస్తుంది. కొరమీను నడి నదిలో ఉండదు. లంక పక్కన తూడు, తామర పెరిగిన నిలవ నీటిలో, గుర్రపుడెక్క అంచున చూడాలి. ఒక్క మాట, ఎర్రటి పిల్లల గుంపు నీటి మీద బుడబుడమంటూ కదులుతుంటే కింద తల్లి కొరమీను కాపలా ఉన్నట్టు. అక్కడ గాలం వేస్తే వెంటనే పడుతుంది, కోపంతో కొరుకుతుంది కాబట్టి. కానీ వేయకండి, తల్లి పోయిన గంటలో పిల్లల్ని మిగతా చేపలు తినేస్తాయి.

ఎక్కడ వేయాలి? వడి నీరూ నిలవ నీరూ కలిసే గీత మీద. నీటిలోకి ఒరిగిన చెట్టు కింద, ఇసుక తిన్నె కొస తిరిగే చోట, పాత రేవు రాళ్ల వెనక. నీటి మీద నురుగు ఎక్కడ గుండ్రంగా తిరుగుతూ ఆగుతుందో చూడండి. తిండి ఆగేదీ అక్కడే. గెడతో లోతు చూసుకుని, ఎర అడుగుకి బెత్తెడు పైన ఉండేలా బెండు సర్దండి. బొచ్చెకైతే ఇంకా పైకి, అది పై నీటిలో తినే చేప.

బెండు చెప్పేది

ఇక్కడ ఓపిక పట్టండి, అసలు సరదా ఇదే. బెండు టకటకమని వణుకుతూ అక్కడే ఉంటే పరిగెలు ఎర చుట్టూ చేరి గిల్లుతున్నట్టు. లాగకండి, లాభం లేదు. ఎర గట్టిపరచండి లేదా చోటు మార్చండి. బెండు ఒకటి రెండుసార్లు మునిగి తేలి, తర్వాత ఏటవాలుగా పక్కకి జారుతూ లోపలికి పోతే అది జెల్ల, ఎర్రని మింగేసి నడుస్తోంది. మునగాల్సిన బెండు పైకి లేచి నీటి మీద అడ్డంగా పడుకుంటే మోసు లాంటి అడుగు చేప ఎరని ఎత్తి పట్టింది. గుండు బరువు తగ్గి బెండు పడిపోయిందన్నమాట. కొత్తవాళ్లు దీన్ని చూసి దారం చిక్కుపడిందనుకుంటారు. రాగండి అయితే కాసేపు తటపటాయించి ఒక్కసారిగా నిలువునా లాగేస్తుంది.

కొక్కెం దిగేలా లాగడానికి మణికట్టు ఆడిస్తే చాలు. భుజం మీదుగా విసిరేసినట్టు లాగితే చిన్న చేప పెదవి చిరిగిపోతుంది, పెద్దదైతే దారం తెగుతుంది, ఏదీ లేకపోతే కొక్కెం వచ్చి వెనకవాడి చెంపకి తగులుతుంది. పడ్డాక కర్ర ఎత్తి పట్టి, అది లాగినప్పుడు ఇవ్వండి, ఆగినప్పుడు చుట్టండి. మిగతావాళ్లు గాలాలు తీసేసి కదలకుండా కూర్చోవాలి. చేప పక్కకి తిరిగి తెల్లటి పొట్ట చూపించేదాకా చేతి వల దగ్గరికి తీసుకురావద్దు. వలని నీటిలో ముందే ముంచి ఉంచి, చేపనే దాని మీదకి నడిపించండి, తల వైపు నుంచి.

జెల్లని మాత్రం ఒట్టి చేత్తో పట్టకండి. వీపు మీద ఒకటి, చెంపల వెనక రెండు ముళ్లుంటాయి, గుచ్చుకుంటే సలుపు గంటలపాటు ఉంటుంది. తడి గుడ్డ చుట్టి, ప్లయరుతో కొక్కెం తీయండి. గుచ్చుకుంటే ఒడ్డుకి వచ్చాక కాలకుండా ఓర్చుకోగలిగినంత వేడి నీటిలో అరగంటకి పైగా చెయ్యి ఉంచితే నొప్పి తగ్గుతుంది. వాపు పాకుతుంటే, ముల్లు విరిగి లోపల ఉంటే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. టీటీ ఇంజెక్షన్ సంగతి అడగండి.

గుడ్లతో పొట్ట ఉబ్బిన చేపని, అరచెయ్యంత పిల్లల్ని వదిలేయండి. వదిలేటప్పుడు చెయ్యి తడుపుకుని పట్టుకోవాలి. పొడి చెయ్యి చేప జిగురుని ఊడదీస్తుంది, తర్వాత దానికి పుండ్లు పడతాయి.

పడవ తిరగబడితే

పడవని వదలకండి. చెక్క పడవ నిండినా చాలావరకు నీటిలో తేలుతూనే ఉంటుంది, వెతికేవాళ్లకి తల కంటే పడవ త్వరగా కనబడుతుంది. అయితే పడవకి ఎగువ పక్కన ఉండండి, దిగువ పక్కన ఉంటే పడవకీ రాయికీ మధ్య నలుగుతారు. చేయి జారి వడిలో కొట్టుకుపోతుంటే వెల్లకిలా తేలి, పాదాలు దిగువకి చాచి, మోకాళ్లు కొంచెం వంచి ఉంచండి. వడికి ఎదురీదకండి, వాలుగా ఒడ్డు వైపు జరగండి. నడుము లోతు వచ్చేసిందని వడిలో నిలబడటానికి తొందరపడొద్దు, కాలు రాళ్ల సందులో ఇరుక్కుంటే నీరే పడేస్తుంది. ఒడ్డున ఉన్నవాళ్లు దూకకూడదు. తాడు, గెడ, ఖాళీ డబ్బా, లుంగీ, ఏది చేతికందితే అది విసరాలి. బయటకి తీసిన మనిషి శ్వాస ఆడకపోతే తలకిందులు చేసి పొట్ట నొక్కడం లాంటివి చేయకుండా నోటితో ఊపిరి ఇస్తూ ఛాతీ నొక్కడం మొదలుపెట్టి, ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి. ఇది ఎలా చేయాలో వెళ్లే ముందే ఒకసారి నేర్చుకుని ఉండండి.

ఉరుము వినబడితే లెక్కలేయకుండా ఒడ్డుకి. ఒంటరి తాడిచెట్టు కిందకి కాదు, ఇల్లో కారో ఉంటే అందులోకి.

తిరిగొచ్చాక

పొద్దు వాలడానికి గంట ముందు రేవులో ఉండాలి. చేపల్ని రోజంతా ఎండలో బుట్టలో ఉంచొద్దు. బతికి ఉంచాలంటే వల సంచిలో నీటిలో వేలాడదీయండి, పడవ కదిలేటప్పుడు మాత్రం పైకి తీసేయండి. చచ్చినవాటిని పొట్ట తీసి ఐసులో పెట్టండి. కొరమీను తోలు జారుతుంది, బూడిదో రాళ్ల ఉప్పో పట్టించి గరుకు బండ మీద రుద్దితే పొలుసు, జిగురు పోతాయి. నిలవ నీటి చేపకి బురద వాసన ఉంటే ఉప్పు, పసుపు, నిమ్మరసం పట్టించి పావుగంట ఉంచి రెండు మూడు నీళ్లలో కడగండి. పులుసు పెట్టేవాళ్లు ఇంట్లో ఉంటారు, వాళ్లకి నేను చెప్పేది ఏమీ లేదు.

తెగిన నైలాన్ దారం ఒక్క మూర కూడా నదిలో వదలకండి. కొంగల కాళ్లకి చుట్టుకుంటుంది, మర్నాడు వలలు తీసేవాళ్ల చేతులు కోస్తుంది. కొక్కేలన్నీ తుడిచి లెక్క పెట్టి డబ్బాలో వేయండి. లెక్క తక్కువైతే పడవ అడుగున వెతకండి, రేపు అందులో దిగేవాళ్లు ఒట్టి కాళ్లతో దిగుతారు. పడవ అద్దె ఒడ్డు మీద కాలు పెట్టగానే ఇచ్చేయండి, చేప పడినా పడకపోయినా మాట్లాడుకున్నంత మొత్తం.